మూడు రోజుల్లో అరకు వద్దమ్మా, సముద్రం చాలు

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. నేను, మావారు, పదకొండేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, మా అత్తగారు, మొత్తం అయిదుగురం క్రిస్మస్‌కి వైజాగ్ వస్తున్నాం. ఈసారి పండగ శుక్రవారం పడింది, మూడు రోజులు కలిసొచ్చాయి. గురువారం రాత్రి రైలుకి బయల్దేరి ఆదివారం రాత్రి రైలుకి తిరిగి వచ్చేలా టిక్కెట్లు తీసేశాం. మావారు అరకు, బొర్రా, లంబసింగి, సిటీ అంతా ఒక కాగితం మీద రాసి పెట్టారు. బాబుకి సబ్‌మెరైన్ చూడాలని. పాపకి బీచ్. అత్తగారికి సింహాచలం, కనకమహాలక్ష్మి. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మా పుట్టింటి వాళ్ళం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. పెళ్ళయి పదమూడేళ్ళయింది, ఏటా క్రిస్మస్ పొద్దున ఒక్కదాన్నే గుడికెళ్ళి పూజ చూసుకుని వంట టైముకి ఇంటికొచ్చేస్తాను. ఈసారి ఊరుకాని ఊళ్ళో అదీ కుదరదేమో. నాకేం చూడకపోయినా పర్లేదు గానీ, అందరికీ సర్దుబాటయ్యేలా ఒక దారి చెప్పండి. - ఒక కోడలు, గుంటూరు

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరంలో బాబుకేం కావాలో ఉంది, పాపకేం కావాలో ఉంది, మీవారి కాగితం ఉంది, అత్తగారి మొక్కులున్నాయి. మీ సంగతి మాత్రం చివర్న 'పర్లేదు' అన్న మాట కింద పెట్టేశారు. పదమూడేళ్ళుగా పండగపూట ఒక్కరే వెళ్ళి, ఒక్కరే వచ్చి, వంటింట్లోకి నడిచిన మనిషి ఆ మాట రాస్తే నాకు మనసొప్పలేదు. అందుకని మీ ప్రయాణాన్ని మీ పండగ దగ్గర్నుంచే మొదలుపెడతాను. మిగతావి దాని చుట్టూ ఎలా సర్దుకుంటాయో మీరే చూడండి.

అంతకంటే ముందు మీవారి కాగితం మీద ఒక గీత గీయాలి. అరకు తీసెయ్యండి. బొర్రా, లంబసింగి కూడా.

ఆయన నొచ్చుకోకుండా లెక్క చెప్తాను, చదివి వినిపించండి. వైజాగ్ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. కిరండూల్ ప్యాసింజర్ పొద్దున ఏడు కాకముందే కదిలిపోతుంది, అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు. ఆ రైలు ప్రయాణం గొప్పది, కాదనను. వరసగా సొరంగాలు, మధ్యలో ఒక్కసారిగా తెరుచుకునే లోయలు, పిల్లలు కేకలు పెడతారు. కానీ విస్టాడోమ్ అనే అద్దాల పెట్టెలో సీట్లు క్రిస్మస్ వారానికి ఇప్పుడు దొరకవు. రోడ్డున పోదామా అంటే శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది. మామూలు రోజుల్లో మూడున్నర గంటల దారి డిసెంబరు శని, ఆదివారాల్లో ఎన్ని గంటలవుతుందో డ్రైవర్లు కూడా చెప్పలేరు. ఆరేళ్ళ పిల్లకి ఆ మలుపుల్లో కడుపులో తిప్పుతుంది. బొర్రా గుహల్లోకి చాలా మెట్లు దిగాలి, దిగినన్నీ మళ్ళీ ఎక్కాలి. మీ అత్తగారు పైనే కూర్చోవాల్సి వస్తుంది. ఇక లంబసింగి చలి చూడాలంటే తెల్లారకముందే అక్కడుండాలి. అంటే ముందు రాత్రే చింతపల్లి వైపు మకాం పెట్టాలి. మూడు రోజుల్లో రెండు రోజులు బండిలోనే అయిపోతాయి.

కొన్నేళ్ళ కిందట మా అమ్మ పార్వతీపురం నుంచి మా ఇంటికొచ్చింది. ఒక ట్రావెల్స్ అతను "పొద్దున ఆరుకి ఎక్కిస్తాను, రాత్రి ఎనిమిదికి ఇంటి ముందు దింపుతాను, బొర్రా, అరకు, కాఫీ తోటలు అన్నీ ఒక్కరోజులో" అన్నాడు. అది డిసెంబరులో చివరి ఆదివారం. అనంతగిరి దగ్గర బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ముందున్న బస్సు వెనక అద్దం మీద దుమ్ములో ఎవరో వేలితో రాసిన పేర్లు చదువుకుంటూ రెండు గంటలు కూర్చున్నాం. అమ్మ కిటికీకి తల ఆనించి, చేతిలో నిమ్మకాయ వాసన చూసుకుంటూ ఒక్క మాటా మాట్లాడలేదు. బొర్రా చేరేసరికి లోపలికి వదలడం ఆపేశారు. చీకట్లోనే వెనక్కి దిగాం. ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. కాళ్ళకి నూనె రాస్తుంటే అమ్మ, "నేను సముద్రం చూద్దామని వచ్చానే" అంది. మర్నాడు పొద్దున్నే ఆవిడ బస్సు. తర్వాత ఆరోగ్యం సహకరించక మళ్ళీ వైజాగ్ రాలేకపోయింది. ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రాన్ని మా అమ్మకి చూపించలేకపోయాను. అందుకే ఎవరైనా అరకూ సిటీ రెండూ ఒకే వారాంతంలో అంటే నేను అడ్డుపడతాను.

అరకు ఎక్కడికీ పోదు. పిల్లల సెలవులు చూసుకుని జనంలేని రోజుల్లో రెండు రాత్రులు అక్కడే ఉండేలా రండి. నవంబరు నెలాఖరు, డిసెంబరు మొదట్లో అయితే వలిసె పూలు కొండవాలంతా పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి. రైల్వేవాళ్ళు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే రిజర్వేషన్ ఇస్తున్నారు, అంతకుముందు 120 రోజులుండేది. కాబట్టి తారీఖు అనుకున్న రోజే క్యాలెండరులో రెండు నెలలు వెనక్కి లెక్కపెట్టి గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మీ శుక్రవారం.

ముందు టిక్కెట్టు ఒకసారి తీసి చూడండి, మీరు దిగేది విశాఖపట్నంలోనా, దువ్వాడలోనా అని. విజయవాడ వైపు నుంచి వచ్చి ఒడిశా వైపు పోయే బండి మన స్టేషన్‌లోకి వస్తే ఇంజన్ ఇటు తీసి అటు తగిలించాలి. అందుకని కొన్ని బళ్ళు, పండగ స్పెషళ్ళయితే మరీను, ఊళ్ళోకి రాకుండా దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. దువ్వాడ నుంచి సిటీకి పదిహేను కిలోమీటర్లకి పైనే. తెల్లారుజామున పెద్దావిడతో, నిద్రకళ్ళ పాపతో అక్కడ దిగాల్సొస్తే ముందే బండి మాట్లాడుకోవాలి.

రెండోది గది. చాలా హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండుకి గానీ గది ఇవ్వరు. మీరు దిగేది పొద్దున్నే. ఫోన్ చేసి "మేము ఆరింటికల్లా వస్తాం, గది ఇస్తారా, దానికేమైనా ఎక్కువ తీసుకుంటారా" అని ఇప్పుడే అడగండి. కుదరదంటే స్టేషన్‌లో రిటైరింగ్ రూములు ఉంటాయి, ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు. స్నానాలు చేసి బట్టలు మార్చుకోవడానికి నాలుగ్గంటలు చాలు. గది ఎక్కడ తీసుకున్నా ఈ మూడూ అడగండి: లిఫ్ట్ ఉందా, కరెంటు పోతే అది నడుస్తుందా, బాత్రూములో వెస్టర్న్ కమోడ్ ఉందా. సముద్రం కనిపించే గదికి పండగ వారంలో రేటు బాగా పెంచుతారు. మీరు గదిలో ఉండేది నిద్రకే. సిరిపురం, పెదవాల్తేరు, పాండురంగాపురం, వీటిలో ఎక్కడ దిగినా సముద్రం దగ్గరే. ఆ డబ్బు ఆటోలకి పెట్టుకోండి.

స్నానాలయ్యాక అందరూ కలిసి వన్‌టౌన్ వెళ్ళండి. అది మా పాత ఊరు. స్టేషన్‌కి ఎంతో దూరం లేదు. అక్కడ హార్బరు పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి. మేరీమాత కొండని రాస్ హిల్ అంటారు. 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తర్వాత గుడయింది. క్రిస్మస్ రోజు దివ్యబలి పూజ ఎన్నింటికో ముందు రోజే కనుక్కోండి. అక్కడి టైము కుదరకపోతే కింద వన్‌టౌన్‌లో పాత ఆర్‌సీఎం గుడులున్నాయి. 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ బడి ఉన్న పేట అది, మీ వాళ్ళకి కొత్త చోటు కాదు. కొండ మీదకి బండి ఎంతవరకు వెళ్తుందో ఆటో ఎక్కేముందే అడిగి, అత్తగారి మోకాళ్ళని బట్టి నిర్ణయించుకోండి.

ఈసారి ఒక్కరే వెళ్ళకండి. "నేను పూజ చూసుకుని వస్తాను, మీరు టిఫిన్ చేస్తూ ఉండండి" అని మీ నోటితో మీరు అనకండి. "అత్తయ్యా, పొద్దున మేరీమాత కొండకి వెళ్దాం, అక్కణ్ణించి కనకమహాలక్ష్మి దగ్గరికి వెళ్దాం" అనండి. గుంటూరు మనిషికి ఇది వింతేం కాదు. గుణదల మేరీమాత తిరునాళ్ళలో కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, తలనీలాలిచ్చేవాళ్ళు అందరూ క్రైస్తవులేనా? మీ అత్తగారు కూడా ఎప్పుడో ఒకసారి గుణదల ఎక్కే ఉంటారు. మీరు అడగలేదు, ఆవిడ అననూ లేదు, అంతే అయి ఉండొచ్చు.

పూజయ్యాక ఆ కొండ మీద కాసేపు నిలబడండి. పిల్లలకి చూపించాల్సింది అక్కడుంది. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాపి ఉంటుంది. ఆ కొండకీ ఊరికీ మధ్య సన్నటి కాలవలాంటి దారి, ఓడలు హార్బరులోకి వచ్చేది అందులోంచే. అదృష్టం బాగుండి ఆ టైముకి ఓడ వస్తే, అయిదారంతస్తుల మేడ ఒకటి మెల్లగా మీ కాళ్ళ కిందనుంచి నడిచి పోతున్నట్టుంటుంది. ముందొక టగ్గు, వెనకొక టగ్గు. ఇళ్ళ డాబాల మీద ఆరేసిన చీరల వెనకనుంచి ఆ ఓడ పైభాగం కదలడం నేను ఎన్నిసార్లు చూసినా మళ్ళీ నిలబడి చూస్తాను.

అక్కణ్ణించి బురుజుపేట ఆటోలో కొద్ది నిమిషాలు. కనకమహాలక్ష్మి అమ్మవారికి ఏడాదంతా ఒక ఎత్తు, మార్గశిర మాసం ఒక ఎత్తు. గురువారాలైతే అర్ధరాత్రి నుంచే లైన్లు కడతారు. ఈసారి క్రిస్మస్ మార్గశిరంలోనే పడింది, ముందు రోజు గురువారం. మీరు వచ్చేది శుక్రవారం కాబట్టి ఆ తోపులాట తప్పింది, అమ్మవారి వారమూ దక్కింది. అయినా జనం ఉంటారు, ఎండెక్కకముందే వెళ్ళండి. ఆ గుడికి గర్భాలయం మీద పైకప్పు ఉండదు, అమ్మవారు ఆకాశం కిందే ఉంటుంది. పూజారి చేతికిచ్చి చూస్తూ నిలబడే పద్ధతి కాదు. ఎవరి పసుపునీళ్ళు వాళ్ళే పోస్తారు, ఎవరి కుంకుమ వాళ్ళే పెడతారు. ఏ కులమని, ఏ ఊరని అడిగేవాళ్ళు ఉండరు. మీ అత్తగారు తన చేత్తో అమ్మవారికి పసుపు రాసిన తర్వాత ఆవిడ మొహం చూడండి. పసుపు, కుంకుమ, పాలు గుడి ముందు దుకాణాల్లోనే దొరుకుతాయి. ఆ రోజు మంచి పట్టుచీర వద్దని మాత్రం చెప్పండి, పసుపు మరక పోదు.

ఒక్క పొద్దులో ఇద్దరి మొక్కులూ తీరాయి. భోజనం చేసి గదికెళ్ళి అందరూ పడుకోండి. నిజంగానే పడుకోండి. రాత్రంతా రైల్లో వచ్చారు.

సాయంత్రం నాలుగున్నరకల్లా ఆర్కే బీచ్‌లో ఉండాలి. ఎందుకంత ముందంటే, డిసెంబరు చివర్లో మాకు అయిదున్నరకే పొద్దు కుంకుతుంది. అదీ సముద్రంలో కాదు, వెనక కొండల వైపు. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని ఆరింటికి వచ్చి దిక్కులు చూసే వాళ్ళని ఏటా చూస్తుంటాను. మాది తూర్పు తీరం, ఇక్కడ చూడాల్సింది పొద్దు పొడుపు. అయితే ఈసారి మీకు ఇంకొకటి ఉంది. పౌర్ణమి వెళ్ళి ఒకటి రెండు రోజులే అవుతుంది. శుక్రవారం రాత్రి ఏడు ప్రాంతంలో చంద్రుడు నీళ్ళలోంచి లేస్తాడు. మొదట ఎర్రగా, పగిలిన ఇటుక ముక్కలా ఉంటాడు, చూసేవాళ్ళు పడవలో దీపం అనుకుంటారు. పాపని భుజం మీద ఎక్కించుకోమని మీవారికి చెప్పండి. మబ్బు లేకుండా ఉండాలి అంతే.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి దిగి స్నానం చేయకండి. చూడ్డానికి మెత్తగా ఉంటుంది, కానీ ఒడ్డు ఒక్కసారిగా లోతుకి జారుతుంది. వెనక్కి పోయే అల కాళ్ళ కింద ఇసుకని లాగేసి మనిషిని కూడా లాక్కుపోతుంది. ఏటా పండగ రోజుల్లో ఈ ఊళ్ళో ఎవరో ఒకరి ఇల్లు మునుగుతుంది, ఎక్కువగా ఈత వచ్చిన కుర్రాళ్ళే పోతారు. చీలమండ దాటి నీళ్ళు రాకూడదు, పిల్లల చెయ్యి వదలకూడదు, ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టకూడదు. యారాడ అందంగా ఉంటుందని ఎవరైనా చెప్తారు, నిజమే, అక్కడి నీళ్ళు ఇంకా మోసం. తడవాలనే ఉంటే శనివారం రుషికొండలో, గార్డులు చూపించిన చోట, మోకాళ్ళ లోతుదాకా.

క్రిస్మస్ రాత్రి బీచ్ రోడ్డు కిటకిటలాడుతుంది. చంద్రుణ్ణి చూసి, పిల్లలకి మురీ (మరమరాల) మిక్చర్ కట్టించి, ఏడున్నరకి లేచెయ్యండి. ఆ తర్వాత ఆటో దొరకదు, పాండురంగాపురం ఎత్తు నడిచి ఎక్కాలంటే పెద్దావిడ వల్ల కాదు. మిక్చర్ బండి దగ్గర ఉల్లిపాయ, టమాటా తరిగే చెయ్యి చూడండి, కత్తి కనపడదు. కారం తక్కువ వెయ్యమని ముందే చెప్పండి, మా వాళ్ళ "కొంచెం" మీ పాపకి ఎక్కువే.

శనివారం సింహాచలం. శనివారం స్వామి వారమని రద్దీ ఉంటుంది, అందుకే ఆరున్నరకే గదిలోంచి బయటపడండి. కొండ మీదకి బస్సులు తిరుగుతూనే ఉంటాయి, మెట్లెక్కక్కర్లేదు. స్వామి నిజరూపం వైశాఖంలో చందనోత్సవం నాడు తప్ప కనిపించదని అత్తగారికి తెలిసే ఉంటుంది, మిగతా ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. బాబుకి మాత్రం గోడల మీద శాసనాలు చూపించండి. కులోత్తుంగ చోళుడి కాలంనాటి 1098 శాసనం ఇక్కడుంది. కృష్ణదేవరాయలు 1516లో వచ్చి స్వామికి నగలిచ్చి వెళ్ళాడు. బడి పుస్తకంలో చదివిన రాజు ఈ బండల మీదే నడిచాడంటే పిల్లవాడు ఇంకో రకంగా చూస్తాడు. మొక్కు కోసం జనం కౌగిలించుకునే కప్పస్తంభం దగ్గర లైను పెద్దగా ఉంటే వదిలెయ్యండి, దణ్ణం చాలు. పదకొండుకల్లా కిందికి దిగండి.

మధ్యాహ్నం మూడింటికి భీమిలి రోడ్డు. ఇది మీవారి కోసం. అరకు తీసేశానన్న దిగులు ఈ దారిలో పోతుంది. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, పాతిక కిలోమీటర్ల దారి. ఆ పూటకి ఒక కారు మాట్లాడుకోండి. తొట్లకొండ ఆగండి. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. వాననీళ్ళు పట్టడానికి వాళ్ళు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, కొండకి ఆ పేరు వాటివల్లే. నౌకాదళం వాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడింది ఇది. పైనుంచి చూస్తే సముద్రం వంగినట్టు కనిపిస్తుంది. కారు పైదాకా వెళ్తుంది, అత్తగారు కూడా రావచ్చు. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. అన్నీ చూడాలని లేదు, చీకటి పడేలోపు ఏది దొరికితే అది. ఎర్రమట్టి దిబ్బల మీదికి మాత్రం పిల్లల్ని ఎక్కనివ్వకండి, కాలు పెడితే ఆ మట్టి జారిపోతుంది, వేల ఏళ్ళుగా గాలి పేర్చింది అది.

కారు ఖర్చు ఎక్కువనిపిస్తే బస్సులో వెళ్ళండి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ముగ్గురు ఆడవాళ్ళూ ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి, పాపది కూడా.

ఆదివారం నేను అడ్డురాను, మీ ఇష్టం. ఒక్క పొద్దున్న మాత్రం నాకివ్వండి. పొద్దు పొడిచేది 6 గంటల 25 నిమిషాల ప్రాంతంలో. ఆరింటికే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి ఎదురుగా ఉండండి. అత్తగారు కూర్చోవడానికి గట్లున్నాయి, ఇసుకలో దిగక్కర్లేదు. ఆ వేళకి బీచ్ రోడ్డులో కొంత మేర బళ్ళు రానివ్వరు, పిల్లలు రోడ్డంతా పరిగెత్తొచ్చు. చలేమీ ఉండదు, పద్దెనిమిది డిగ్రీల చలి గుంటూరు వాళ్ళకి ఒక శాలువాతో సరి. ఓపికుంటే బాబుని తీసుకుని మీవారు ఉత్తరంగా పెదజాలారిపేట వైపు నడవమనండి. అలివి వల లాగుతుంటే చూడొచ్చు. తాడు ఒక చివర పది పన్నెండు మంది, ఇంకో చివర పది పన్నెండు మంది, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. వల ఒడ్డుకొచ్చే ముందు నీళ్ళు ఉడుకుతున్నట్టు కదులుతాయి, అది చేప. వాళ్ళు పనిలో ఉంటారు కాబట్టి కాస్త దూరంగా నిలబడాలి. ఒక్కోసారి వాళ్ళే పిల్లల్ని పిలిచి తాడు పట్టిస్తారు.

పదింటికి సబ్‌మెరైన్. ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున్నుంచీ తెరుస్తారు, సోమవారం సెలవు. తలుపు తీసే టైముకే వెళ్తే లైనుండదు. ఆ సబ్‌మెరైన్ పేరు కురుసుర, 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001లో విశ్రాంతి ఇచ్చి 2002లో ఇలా ఒడ్డున నిలబెట్టారు. 91 మీటర్ల పొడవు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకోవాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి రంధ్రంలాంటి తలుపులు, తల వంచి, కాలెత్తి, అవతల పెట్టాలి. అందుకని అత్తగారు లోపలికి వద్దు, రోడ్డవతల టీయూ-142 విమానం మ్యూజియం దగ్గర మీరిద్దరూ కూర్చోండి. లోపల చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైన వాళ్ళే. బాబుని సిగ్గుపడకుండా అడగమనండి, "ఇందులో నిద్ర ఎలా పట్టేది, స్నానం ఎప్పుడు చేసేవాళ్ళు" అని. మంచం కింద టార్పెడో పెట్టుకుని పడుకున్న మనుషుల కథ వాళ్ళ నోట వినాలి.

మధ్యాహ్నం గది ఖాళీ చేసి సామాను స్టేషన్‌లో క్లోక్ రూములో పడేస్తే చేతులు ఖాళీ. పూర్ణా మార్కెట్టు దగ్గరే. మాడుగుల హల్వా కొనండి, గోధుమపాలతో చేస్తారు, నాలుగు రోజులైనా పాడవదు. అనకాపల్లి బెల్లం సంక్రాంతి అరిసెలకి పనికొస్తుంది.

ఇదే వారాంతాన్ని డిసెంబరు 31కి జరుపుకుందామనుకునే మిగతా పాఠకులకి ఒక్క మాట. ఆ రాత్రి బీచ్ రోడ్డులోకి బళ్ళు వదలరు, పెద్దవాళ్ళతో, చంటిపిల్లలతో రావద్దు. సంక్రాంతికైతే సగం ఊరు పల్లెలకి పోతుంది, వీధులు ఖాళీగా ఉంటాయి, కానీ రైలు టిక్కెట్టు దొరకడమే కష్టం.

అమ్మా, మీరు రైలెక్కేముందు ఒక చిన్న పని. ఈ కాలంలో మార్కెట్టు బయట తేగల కట్టలు అమ్ముతారు. తంపటి వేసినవి, అంటే కాల్చినవి చూసి ఒక కట్ట కొనండి. రైలు కదిలాక పైన పొర వలిచి, గోరుతో చీల్చి, పీచు తీసి పిల్లలకి ముక్కలు పెట్టండి. అత్తగారికి పళ్ళకి ఇబ్బందైతే చివర లేతగా ఉండే వైపు ఇవ్వండి. చీల్చినప్పుడు మధ్యలో సన్నగా, తియ్యగా ఒక మొలక వస్తుంది. దాన్ని మా ఇంట్లో చందమామ అంటాం, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. మొదటి తేగలో వచ్చేది మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీరు తినండి.